నిమ్మళం ఎవరికి?

మా నిజామాబాద్ దిక్కు జబ్బుపడి లేచిన మనిషిని "నిమ్మళమైందా?" అని అడుగుతారు. జ్వరానికీ అదే మాట, కాన్పుకీ అదే మాట. నాకు చాలా ఇష్టమైన మాట అది. అందులో నొప్పి తగ్గడం ఉంది, ఊపిరి తీసుకోవడం ఉంది, ఇల్లు మళ్ళీ గాడిన పడడం ఉంది. కానీ తల చెడిందని పేరుపడ్డ ఆడమనిషి విషయంలో ఈ మాట అర్థం మెల్లగా పక్కకు జరుగుతుంది. మా చిన్నమ్మ గురించి బంధువులు ఈ ప్రశ్న అడగడం దాదాపు నలభై ఏళ్ళుగా వింటున్నాను. వాళ్ళు తెలుసుకోవాలనుకునేది ఆమె అరుస్తోందా, గడప దాటుతోందా, పెట్టింది తింటోందా అన్నదే. "ఇప్పుడు నిమ్మళంగనే ఉన్నది, ఒక్క మాట మాట్లాడది" అని అత్తమ్మ చెబితే అందరికీ తృప్తి. ఒక్క మాటా మాట్లాడకపోవడం ఎవరి నిమ్మళం?

స్కిజోఫ్రీనియాతో బతికే స్త్రీకి బాగుండడం అంటే ఏమిటి? ఆమెకంటూ ఒక కోరిక, ఒక లక్ష్యం ఉండొచ్చా? ఉంటే, అది ఆమెదే గానీ జబ్బుది కాదని ఎవరు తేల్చాలి? స్త్రీల ఆరోగ్యం గురించి ఇంత రాసుకున్న మనం ఈ ప్రశ్నల దగ్గరకు మాత్రం తక్కువగానే వెళ్ళాం. ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సుమారు 300 మందిలో ఒకరు దీనితో బతుకుతున్నారు. 15 లక్షలు దాటిన మా జిల్లాకు ఆ లెక్క వేసుకుంటే దాదాపు 5 వేల మంది. ప్రతి ఊళ్ళో, ప్రతి వాడలో ఒకరుంటారు. వాళ్ళకి పేరు ఉండదు, "ఎర్రగడ్డ కేసు" అనే తిట్టు ఉంటుంది.

చిన్నమ్మది బోధన్. షుగర్ ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు, ఇంకో కార్మికుడి చెల్లెలు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని మా చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళం. శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఇల్లాళ్ళు సైరన్‌ని బట్టి పొయ్యి ముట్టించేవాళ్ళు. చిన్నమ్మకు 1981లో పెళ్ళయింది, 1985లో ఆడపిల్ల పుట్టింది. మరుసటేడు, బిడ్డకు ఎనిమిది నెలలప్పుడు, బావిలో ఎవరో మందు కలిపారని బిడ్డకు నీళ్ళు పట్టడం మానేసింది. ఇద్దరు మనుషులు తన గురించి మాట్లాడుకుంటున్నట్టు రాత్రంతా వినబడేది. ఒకరోజు తెల్లవారుజామున బిడ్డను ఎత్తుకుని నిజాంసాగర్ కాలువ గట్టు మీద నడుస్తుండగా ఎవరో చూసి తీసుకొచ్చారు. పిచ్చి అనేది సమాజం అంటగట్టిన పేరు మాత్రమేనని వాదించే స్నేహితులు నాకున్నారు. వాళ్ళతో నేను ఆ కాలువ గట్టు దగ్గరే విడిపోతాను. జబ్బు నిజం, ప్రమాదం నిజం. మందు అవసరమూ నిజమే.

అత్తగారివాళ్ళు ఆమెను పుట్టింట్లో దింపి, బిడ్డను మాత్రం ఉంచుకున్నారు. రెండేళ్ళలో ఆయన ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. కోర్టు మెట్లెక్కే అవసరమే రాలేదు. ఆసుపత్రిలో, అది ఏ ఆసుపత్రయితేనేం, పేలు పడతాయని గుండు కొట్టారు. చిన్నమ్మకు ఆ రోజుల్లో వినబడిన గొంతులు ఏమన్నాయో ఇప్పుడు గుర్తులేదు. గుండు కొట్టిన రోజు మాత్రం గుర్తుంది. "మొగడు సచ్చినోళ్ళకు చేసినట్టు చేసిండ్రు" అంటుంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో బలవంతంగా గుండు కొట్టకూడదని ఉంది. చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని కూడా ఉంది. ఈ రెండు మాటలూ చట్టంలో చదివినప్పుడు ఇవి మా ఇంటి కథ చూసే రాశారా అనిపించింది. అంటే ఎన్ని ఇళ్ళల్లో ఇదే జరిగి ఉంటే చట్టందాకా వచ్చిందో చూడండి.

ఇక అసలు విషయం. ఈ జబ్బుకు రెండు ముఖాలు. ఒకటి అందరికీ కనబడేది: గొంతులు వినబడడం, అనుమానాలు, అర్థంలేని భయాలు. రెండోది లోపల్లోపల తినేసేది: మాట తగ్గిపోవడం, ముఖంలో కదలిక లేకపోవడం, ఏదైనా కావాలనే తలపే ఎండిపోవడం. డాక్టర్లు వీటిని నెగెటివ్ లక్షణాలంటారు. 1952లో మొదలైన మందుల వరస మొదటిదాన్ని బాగానే అణచగలిగింది. రెండోదాని మీద వాటికి అంత పట్టు లేదు. పైగా కొన్ని మందుల మత్తు దాన్ని ఇంకా పెంచుతుంది.

మా వాడలోనే ఇదే జబ్బుతో ఒక అబ్బాయి ఉండేవాడు. డిగ్రీ పూర్తి చేశాక ఇంట్లోంచి కదలడం మానేశాడు. "ఏం అడగడు, ఏం వద్దంటడు, గోడకు ఒరిగి కూసుంటడు" అని వాళ్ళమ్మ కనబడిన వాళ్ళందరి ముందూ ఏడ్చేది. హైదరాబాద్ తీసుకెళ్ళారు, బడాపహాడ్ దర్గాకు తీసుకెళ్ళారు, మందులు మార్పించారు. అతనికి ఏమీ అక్కర్లేకపోవడం జబ్బు. అదే సంవత్సరాల్లో చిన్నమ్మ కూడా ఏమీ అడిగేది కాదు. బతుకమ్మకు ఏ చీర కావాలంటే "ఏదైనా మంచిదే" అనేది. అన్నం తక్కువైతే తక్కువే తినేది. ఆమెను చూసి అందరూ అన్నదేమిటంటే, "పాపం, మంచి గుణం. తల చెడినా గుణం చెడలే." మగవాడిలో రోగలక్షణంగా కనబడిందే ఆడదానిలో సుగుణంగా లెక్కకొచ్చింది. అతను కోరుకోవడం మానేస్తే ఇంటికి నష్టం, ఆమె మానేస్తే ఇంటికి లాభం. అందుకే జబ్బు సగం మిగిలి ఉండగానే ఆమెకు నిమ్మళమైందని తేల్చేశారు.

ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పినన్నాళ్ళూ అమర్త్యసేన్ రాసిన ఒక లెక్క నాకు వెంట వచ్చేది. బెంగాల్ కరువు తర్వాతి ఏడాది 1944లో కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్య సర్వే చేశారు. భార్యలు పోయిన మగవాళ్ళలో 48.5 శాతం తమ ఆరోగ్యం బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పుకున్నారు. వితంతువుల్లో ఆ మాట అన్నవాళ్ళు 2.5 శాతమే. వితంతువులు అంత ఆరోగ్యంగా ఉన్నారని ఎవరైనా నమ్మగలరా? తమకు బాగాలేదని చెప్పుకునే అలవాటే వాళ్ళకు లేదు. లేమికి అలవాటు పడిన మనసు తన కోరికల్ని తానే కత్తిరించుకుంటుందని, కాబట్టి "నేను బాగానే ఉన్నాను" అన్న మాట ఒక్కదాన్నే కొలబద్దగా తీసుకోకూడదని సేన్ వాదన. మార్తా నస్‌బామ్ కూడా 2000లో వచ్చిన తన పుస్తకంలో మన దేశపు స్త్రీల జీవితాల మీదుగా ఇదే వాదన చేసింది.

అయితే చిన్నమ్మ "నాకేం వద్దు" అన్నప్పుడు మాట్లాడింది ఎవరు? ఎండిపోయిన కోరికా, అంటే జబ్బా? మందు మత్తా? లేక అడిగితే ఇవ్వరని చిన్నప్పుడే నేర్చుకున్న ఆడపిల్లా? ఈ మూడింటిని విడదీయడం నాకు చేతకాదు, ఏ డాక్టరుకూ పూర్తిగా చేతకాదనే అనుకుంటాను. కానీ విడదీయలేకపోవడం ఒకటి, విడదీయనక్కర్లేదని ఊరుకోవడం ఒకటి. మూడూ కలిస్తే ఇంటికి సదుపాయంగా ఉంది కాబట్టి మనం రెండోదే చేస్తాం.

ఆమె ఏదైనా చెప్పినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పాలి. 90లలో ఒకసారి నెలసరి ఆగిపోయింది, రొమ్ముల్లో పాలు వచ్చాయి. "నాకు పాలొస్తున్నయి" అని అమ్మమ్మతో చెప్పింది. బిడ్డ మీద బెంగతో మళ్ళీ భ్రమ మొదలైందని అందరూ అనుకున్నారు. డాక్టరుకు మామ చెప్పాడు, ఆయన మోతాదు పెంచాడు. ఈ మందుల్లో చాలావాటికి అలా చేసే గుణం ఉంది. ఒంట్లో ప్రొలాక్టిన్ పెరిగి కొందరికి నెలసరి ఆగుతుంది, పాలు వస్తాయి. ఆమె చెప్పింది అక్షరాలా నిజం, ఒక వైద్యసత్యం. రవిక తడిసిందో లేదో చూసినవాళ్ళు లేరు. మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో ఒక పుస్తకం రాసింది. ఒక మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆమె మాటకు విలువ తగ్గించడం కూడా ఒక అన్యాయమే అంటుంది, దొంగతనం లాగా, దెబ్బ లాగా. ఆడదాని మాటకు ఎలాగూ సగం విలువ. పిచ్చిదాని మాటకు ఆ సగం కూడా ఉండదు.

2003లోనో 2004లోనో మా చిన్నమ్మను చూసిన ఒక లేడీ డాక్టరు మామను బయట కూర్చోమంది. "నీకేం కావాలమ్మా?" అని ఆమెనే అడిగింది. నేను అక్కడే ఉన్నాను. చాలాసేపు జవాబు రాలేదు. డాక్టరు కూడా తొందరపెట్టకుండా చీటీ మీద ఏదో రాసుకుంటూ కూర్చుంది. అప్పుడు చిన్నమ్మ చేతులు చాపి చూపించింది. "బీడీలు చేసుకుంట. చేతులు వణుకుతున్నయి" అంది.

మా జిల్లాలో బీడీలు తెలియనివాళ్ళకు ఇది చిన్న కోరికలా కనబడొచ్చు. నానబెట్టిన తునికాకును కొలతకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు సమంగా పరచాలి, బిగుతుగా చుట్టాలి, దారం కట్టి చివర మడవాలి. రోజుకు వెయ్యి చేసేవాళ్ళకు వేళ్ళే కళ్ళు. వణికే వేళ్ళతో ఒక్క బీడీ కూడా నిలబడదు, చుట్టేలోపే విప్పుకుంటుంది. ఆ మందులతో వచ్చే వణుకు ఆమె కోరికకు సరిగ్గా అడ్డం పడింది. గొంతులు వినబడకపోవడం డాక్టరు లక్ష్యం, గోల చేయకపోవడం ఇంటివాళ్ళ లక్ష్యం, బీడీ నిలబడడం ఆమె లక్ష్యం. ముగ్గురికీ ఒకే మందు. మొదటి రెండూ నెరవేరితే మందు పనిచేసినట్టే అనుకుంటూ పదిహేనేళ్ళు గడిచాయి. ఆ డాక్టరు మందు మార్చింది. నెలల తరబడి కొంచెం కొంచెంగా మోతాదు తగ్గించి చూసింది. చేతులు కుదురుకున్నాయి. చిన్నమ్మ మొదట రోజుకు 100, తర్వాత 300, బాగున్న రోజు 500 దాకా చేసేది. నాకు ఆ రోజుల్లో ఆమె ముఖం గుర్తుంది. సంతోషంగా ఉందని చెప్పను. పని చేసుకునే మనిషి ముఖంలా ఉంది, అంతే.

మధ్యలో ఒకసారి, ఇంకా బాగా చేయొచ్చని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు సగం చేసింది. రెండు నెలలు మళ్ళీ ఆ భయాలు, ఆ నిద్రలేని రాత్రులు. "చూసిండ్రా, అందుకే ఆమె మాట వినొద్దనేది" అన్నారు ఇంట్లో. మందు మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువేనని పరిశోధనలన్నీ చెబుతున్నాయి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అదే వాడలో షుగరు జబ్బుండి పెళ్ళి భోజనంలో మూడు జిలేబీలు తిని ఆసుపత్రిలో పడ్డ పెద్దమనుషులున్నారు. వాళ్ళ మాట ఇక వినొద్దని ఎవరూ తీర్మానించలేదు. రాబర్ట్ పెర్స్కే అనే అమెరికన్ 1972లో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ గురించి రాస్తూ, ప్రమాదంలోకి అడుగుపెట్టే హక్కు కూడా మనిషి గౌరవంలో భాగమే అన్నాడు. తప్పు చేసి నేర్చుకునే వీలు మామూలు మనుషులందరికీ ఉంది. ఈమెకు ఒక్క తప్పుతో ఆ వీలు పోతుంది.

బీడీల డబ్బు అత్తమ్మ కార్డు మీద వచ్చేది. చిన్నమ్మ తన పేరు మీద కార్డు కావాలని అడిగింది. "తల సరిగ లేనోళ్ళకు కార్డెట్ల ఇస్తరు?" అని కమీషన్ దగ్గర నవ్వారు. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను పెట్టినప్పుడు పీఎఫ్ నంబరు ఉన్నవాళ్ళకే ఇచ్చింది. పదేళ్ళు బీడీలు చేసిన చిన్నమ్మ ఏ కాగితం మీదా బీడీ కార్మికురాలు కాదు.

మిగిలింది వికలాంగుల పింఛను. 1995 చట్టంలోనే మానసిక వ్యాధి వైకల్యాల కింద ఉంది, 2016 చట్టంలోని 21 వైకల్యాల్లోనూ ఉంది. ఎంత వైకల్యమో కొలవడానికి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని: ఇవి అందులో చూసేవి. 40 శాతం వస్తేనే పింఛను. ఆడవాళ్ళకు పని అంటే ఇంటిపని కూడా. సదరం క్యాంపులో అడిగితే అత్తమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది: "ఇల్లు ఊడుస్తది, బోళ్ళు తోముతది, చెప్పిన పని చేస్తది." శాతం సరిపోలేదు. రెండోసారి తెలివితెచ్చుకుని, చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకునే, "ఏం చెయ్యది సార్, ఏం చేతగాదు" అంది. అప్పుడు వచ్చింది. బస్సులో తిరిగి వస్తూ చిన్నమ్మ అడిగిందట, "అన్నీ చేతనైతయి గద వదినె, అట్ల చెప్తివేంది?" అని. 2023లో ఆ పింఛను 4016 రూపాయలైంది. ఆ డబ్బు అవసరమే, ఇంకా ఎక్కువ ఇచ్చినా సరిపోదు. కానీ ఆ కొలమానంలో నాలుగు అంశాలున్నాయి గానీ నీకేం కావాలన్న ప్రశ్న లేదు. పైగా డబ్బు కావాలంటే తనకేమీ చేతకాదని తన ముందే చెప్పించుకోవాలి.

ఇప్పుడు మామ సంగతి. నిజాం షుగర్స్‌ని 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చారు, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. మామ అప్పటిదాకా అందులోనే. ప్రతి ఎన్నికలోనూ తెరుస్తామన్నారు. మామ గుర్తింపుకార్డు ఇప్పటికీ చొక్కా జేబులో ఉంటుంది. క్రషింగ్ సీజన్ నెలల్లో పొద్దున్నే లేచి గేటు దాకా నడిచివస్తాడు. "తెరుస్తరు, మిషన్లు ఉన్నయి గద" అంటాడు. తుప్పుపట్టిన మిషన్లని ఆయనకూ తెలుసు. చిన్నమ్మది కూడా ఒక ఎదురుచూపు. ప్రతి బతుకమ్మకూ ఒక రవిక గుడ్డ తీసి ట్రంకుపెట్టెలో దాస్తుంది. కూతురు వస్తే పెట్టడానికి. మామది ఆశ అన్నారు, అది చూసి ధర్నాల్లో ముందు కూర్చోబెట్టారు. చిన్నమ్మది భ్రమ అన్నారు, డాక్టరుకు చెప్పారు.

భ్రమకూ ఆశకూ తేడా ఎక్కడ? జరిగే అవకాశం తక్కువ కావడంలో అయితే కాదు. ఆ లెక్కన బోధన్‌లో సగం మంది మగవాళ్ళకు మాత్రలు రాయాలి. నలుగురూ పంచుకున్నది ఆశ, ఒంటరిది భ్రమ అనే లెక్క నడుస్తోంది. మగవాళ్ళ కోరికకు యూనియన్ ఉంటుంది, జెండా ఉంటుంది. ఇంట్లో ఒక్కతిగా ఉన్న ఆడదాని కోరికకు సాక్షి ఎవరు? 2017 చట్టం ఇక్కడ ఒక మంచి మాట చెప్పింది: ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంతమాత్రాన నిర్ణయించుకునే శక్తి లేదనుకోకూడదు. నాకు తోచిన తేడా ఇది: బావిలో మందు కలిపారన్న నమ్మకం దేనికీ కదలలేదు, నీళ్ళు తాగి చూపించినా కదలలేదు. కోరిక మాత్రం ఎదుటి మనిషిని బట్టి కదులుతుంది, తన కొలత మార్చుకుంటుంది.

అది ఎలా తెలిసిందంటే, 2019లో నేను ఆ కూతురికి ఫోన్ చేశాను. ఇద్దరు ఆడపిల్లల తల్లి. "అక్కా, మా అత్తగారింట్లో మా అమ్మ చనిపోయిందని చెప్పి పెళ్ళి చేశారు. ఇప్పుడు బతికే ఉంది, ఆమెకిట్లా అని తెలిస్తే నా పిల్లలకు సంబంధాలు వస్తాయా?" అంది. ఆమెను తప్పుపట్టలేను. తల్లికో తండ్రికో ఈ జబ్బుంటే పిల్లల్లో పదిమందికి ఒకరికి రావచ్చంటారు. అంటే తొమ్మిదిమందికి రాదు. పెళ్ళిచూపుల్లో ఈ తొమ్మిది ఎవరూ వినరు. స్కిజోఫ్రీనియా అన్న పేరు పెట్టి మరీ హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణంగా 1976లో రాశారు. జబ్బుంటే చాలదు, కలిసి బతకలేనంతగా ఉండాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు డాక్టర్ల కేసులో, భార్యకు ఈ జబ్బుందంటూ భర్త అడిగిన విడాకుల్ని నిరాకరించింది. ఆమె చదువుకుంది, వైద్యం చేస్తోంది అన్నది ఆ తీర్పులో ఆమెకు బలం. మంచి తీర్పే. కానీ చాట ముందు కూర్చున్నామె ఏ డిగ్రీ చూపిస్తుంది? ఎలిన్ శాక్స్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఇదే జబ్బుతో బతుకుతూ 2007లో ఆత్మకథ రాసింది. నాకు ఎంతో ధైర్యమిచ్చిన పుస్తకం. కానీ అలాంటి పేర్లు వినగానే మనవాళ్ళకు ఇంట్లో మనిషి ఇంకా తక్కువగా కనబడే ప్రమాదం కూడా ఉంది.

కూతురన్న మాట చిన్నమ్మకు చెప్పాలా వద్దా అని ఇంట్లో వాదనయింది. ఆమె గురించిన మాట ఆమెకు చెప్పకపోవడం నాకు సరికాదనిపించి చెప్పాను. కాసేపు తంబాకు చేత్తో కలుపుతూ కూర్చుని, "చెప్పనీ తియ్యి. సచ్చిపోయిన్ననే చెప్పనీ. ఫోనుల మాట్లాడితే ఎవలకు తెలుస్తది?" అంది. దీన్ని భ్రమ అంటారా? ఇప్పుడు రెండు మూడు నెలలకోసారి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అటునుంచి ఫోను వస్తుంది. ఐదు నిమిషాలు. రవిక గుడ్డలు పెట్టెలోనే ఉన్నాయి.

మన దేశంలో ఈ జబ్బు ఉన్నవాళ్ళు పాశ్చాత్య దేశాల వాళ్ళకన్నా మెరుగ్గా కోలుకుంటారన్నది 1960ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో మొదలుపెట్టిన అధ్యయనం నుంచి వినబడుతున్న మాట. మన దగ్గర ఆగ్రాలో చేశారు. కారణం మన కుటుంబాలని చాలామంది మురిసిపోయారు. ఆ తర్వాత దానిమీద చాలా తర్జనభర్జనలు జరిగాయనుకోండి. నాకు మాత్రం ఆ మాట వినగానే కుటుంబం అంటే ఎవరు అని అడగాలనిపిస్తుంది. చెన్నైలో శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ వాళ్ళు, ఈ జబ్బుతో భర్తలు వదిలేసిన స్త్రీల గురించి 2003లో ఒక అధ్యయనం అచ్చువేశారు. జబ్బు మచ్చకన్నా మొగుడు వదిలేసిన మచ్చే వాళ్ళను ఎక్కువ బాధించిందని అందులో తేలింది. వాళ్ళంతా ఎక్కడున్నారు? తల్లుల దగ్గర, తల్లులు పోయాక వదినెల దగ్గర. మా ఇంట్లో కుటుంబం అంటే అత్తమ్మ. అమ్మమ్మ పోయినప్పటి నుంచీ పాతికేళ్ళకు పైగా రాత్రి మాత్ర చేతిలో పెట్టి మింగేదాకా నిలబడింది ఆమె. మామ డాక్టరు దగ్గర మాట్లాడాడు, అత్తమ్మ మిగతాదంతా చేసింది. ఆమెకేం కావాలని కూడా ఎవరూ అడగలేదు. కాబట్టి చిన్నమ్మ కోరికల్ని గౌరవించాలని నేను రాస్తే, ఆ గౌరవం ఖర్చు ఎవరి ఒంటిమీద పడుతుందో కూడా రాయాలి. చెన్నైలోని బనియన్ సంస్థ 2015 నుంచి, ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో ఉన్న స్త్రీలు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో మామూలు ఇంట్లో బతికే ఏర్పాటు చేస్తోంది. సాయానికి మనిషి ఉంటుంది, ఆ మనిషికి జీతం ఉంటుంది. బోధన్‌లో అలాంటి ఇల్లు ఉంటే చిన్నమ్మ వెళ్ళేదో లేదో గానీ, అత్తమ్మకు కనీసం ఆ ప్రశ్న వేసుకునే వీలుండేది. తల్లి పిచ్చాసుపత్రి జీవితాన్ని చూసి పెరిగి, ఆమె పేరుమీదే పుణేలో బాపు ట్రస్టు పెట్టిన భార్గవి దావర్, 2024లో చనిపోయేదాకా చెప్పింది కూడా సాయం వాడల్లోకి రావాలనే.

పోయినేడు చిన్నమ్మ చేత ముందస్తు సూచన పత్రం రాయించాను. మళ్ళీ జబ్బు తిరగబెట్టి తాను చెప్పలేని స్థితిలో ఉంటే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో మేజరైన ఎవరైనా ముందే రాసిపెట్టుకోవచ్చని 2017 చట్టం చెబుతోంది. తన తరఫున మాట్లాడే మనిషిని కూడా తానే ఎంచుకోవచ్చు, మొగుడే కానక్కర్లేదు, రక్తసంబంధమే కానక్కర్లేదు. ఆమె చెప్పింది, నేను రాశాను. జుట్టు కత్తిరించొద్దు. చేతులు వణికే మందు వద్దు, తప్పదంటే ఎన్ని రోజులో చెప్పాలి. ట్రంకుపెట్టె తాళం తీయొద్దు. తెలివొచ్చినంక ఏమేం జరిగిందో దాచకుండా చెప్పాలి. ఫోను వస్తే "మంచిగనే ఉన్నది, నిద్రపోయింది" అని చెప్పాలి.

తన తరఫు మనిషిగా నా పేరు చెబుతుందనుకున్నారు అందరూ. ఆమె అత్తమ్మ పేరు చెప్పింది. "ఆమెకే ఎర్క నా సంగతి" అంది. దానికి అత్తమ్మ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అత్తమ్మ మూడు రోజులు జవాబు ఇవ్వలేదు, ఎవరం అడగలేదు. నాలుగో రోజు వచ్చి, "పెడ్త సంతకం. గని ఏడాదికి నెల రోజులు నేను నా బిడ్డ తానికి పోత. ఆ నెల ఎవలు చూస్తరో గూడ రాయి" అంది. ఆ ఫారంలో అలాంటి మాట రాసుకోవడానికి చోటు లేదు. తెల్లకాగితం ఒకటి జతచేసి, సంక్రాంతి తర్వాతి నెల అని రాసి, అక్కడ నా పేరు రాశాను. చిన్నమ్మ రెండు కాగితాలూ చదివించుకుని, రెండింటి మీదా సంతకం చేసింది.